కోతల నాటికి ఊరికి రండి



కొండల్లో పుట్టి, కొండల్లోనే ఉద్యోగం చేసి, ఇప్పుడు పింఛను అందుకుంటున్న వాళ్ళతో మాట్లాడాలని ఈ పూట వచ్చాను. మిగతా శ్రోతలు కూడా వినండి, మీ ఊళ్ళలోనూ ఇలాంటి వాళ్ళు ఉంటారు. నేను అరకు లోయలో ఆరోగ్య కార్యకర్తగా పనిచేశాను. ఊళ్ళో నన్ను నర్సమ్మ అంటారు. మా వారు ఆశ్రమ పాఠశాలల్లో ఉపాధ్యాయులుగా చేశారు. అందరికీ ఆయన మేష్టారు, నాకూ మేష్టారే. 2022లో ప్రభుత్వం పదవీ విరమణ వయసు 60 నుంచి 62కి పెంచినప్పుడు మాకు మరో రెండేళ్ళ కొలువు కలిసొచ్చింది. అదీ అయిపోయింది. శాలువాలు కప్పారు, ఇక విశ్రాంతి తీసుకోండని చెప్పి పంపారు.

మాతో పనిచేసిన వాళ్ళలో చాలామంది ఘాటు దిగిపోయారు. శృంగవరపుకోటలోనో, పెందుర్తిలోనో, విజయనగరంలోనో ఇల్లు కట్టుకున్నారు. పిల్లలు అక్కడ ఉన్నారు. పెద్దాసుపత్రి దగ్గర. మోకాళ్ళనొప్పులకి కొండ చలి పడదు. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి, కాదనను. మేమిద్దరం ఊళ్ళోనే ఉండిపోయాం. దసరా వెళ్ళిన దగ్గర్నుంచి క్రిస్మస్ దాకా మాకు ఊపిరి సలపదు. ఆ పనులేమిటో చెబితే, నేను చివర్లో అడగబోయేది మీకు అర్థమవుతుంది.

వానలు తెరిపిచ్చాక గరువుల మీద వలిసెలు పూస్తాయి. లోయ ఈ చివర నుంచి ఆ చివరికి పసుపుపచ్చగా ఉంటుంది. కార్తీకమాసం ఆదివారాల్లో పట్నాల నుంచి కార్లు బారులు తీరతాయి. పూలమధ్య నిలబడి ఫొటోలు తీసుకుంటారు, రైతు చేతిలో నాలుగు డబ్బులు పెడతారు. బాగానే ఉంది. ఆ పువ్వు మాకు మాత్రం వేరే కబురు తెస్తుంది. సామలు కోతకొచ్చాయనీ, చోళ్ళ కంకులు ముదురుతున్నాయనీ, కాఫీ కాయ ఎరుపెక్కబోతోందనీ.

దసరా సెలవులకి మనవలు వస్తారు. పొద్దున్నే విశాఖలో కిరండోల్ పాసింజరు ఎక్కితే సొరంగాలన్నీ లెక్కపెట్టుకుంటూ మధ్యాహ్నానికల్లా ఇంటికి చేరతారు. వాళ్ళకి తెలుగు వచ్చు, ఇంగ్లీషు వచ్చు, మా ఇంటి మాట ఆదివాసీ ఒడియా మాత్రం రాదు. మేష్టారికి అది మనసులో ములుకు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గిరిజన పిల్లలకి మొదటి తరగతులు తల్లిభాషలో చెప్పాలని ఎనిమిది భాషల్లో వాచకాలు తయారుచేశారు. కువి, కొండ, సవర, కోయ, ఆదివాసీ ఒడియా అందులో ఉన్నాయి. తెలుగు లిపిలోనే అచ్చయిన ఆ పుస్తకాలతో మేష్టారు బడిలో పాఠాలు చెప్పారు. బడిలో వాటిని పక్కన పెట్టేశాక కొన్ని ఇంటికి తెచ్చి దాచారు. సెలవుల్లో సాయంత్రం అరుగు మీద అవే తీస్తారు. మా మనవలు, పక్కింటి పిల్లలు, మా చర్చికి వచ్చేవాళ్ళు, రానివాళ్ళు అందరూ కూర్చుంటారు. పిల్లలు వెళ్ళేనాటికి నీళ్ళు అడగడం, అన్నం అడగడం, ముసలి తాతని ఎలా ఉన్నావని పలకరించడం వస్తుంది. అంతమాత్రానికే మా ఆడపడుచు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఆవిడకి తెలుగు అంతంత మాత్రం. ఇన్నేళ్ళూ మనవలతో చేతి సైగలతోనే గడిపింది.

ఇక కోత పండుగ. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

మా కొండల్లో ఏ పంటా ఇంటికొచ్చిన వెంటనే తినరు. కొర్ర కొత్త, సామ కొత్త, చిక్కుడు కొత్త అని కొత్త పండుగలు చేసి, ముందు దేవుడికీ పెద్దలకీ పెట్టాకే నోట పెట్టుకుంటారు. మా ఇంట్లో సువార్త విని మా తాతల తరంలో చర్చికి వెళ్ళడం మొదలుపెట్టారు. అయినా ప్రథమ ఫలం దేవుడిదేననే మాట మాకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేకపోయింది. తూర్పు కనుమల ఈ వరసకి చర్చి వచ్చి నూట నలభై ఏళ్ళు దాటింది. ఉత్తర జర్మనీలోని బ్రెక్లుం ఊరి లూథరన్ మిషన్ వాళ్ళు 1880ల తొలినాళ్ళలో ఈ దేశానికి వచ్చి, సాలూరు, కోరాపుట్, జైపూరు ప్రాంతాల్లో పని ఆరంభించారు. కొండజ్వరాలు వాళ్ళనీ వదల్లేదు. వాళ్ళలో షుల్జ్ అనే ఆయన సాలూరులో ఉండి కువి మాటలు నేర్చుకుని 1911లో ఆ భాషకి వ్యాకరణం అచ్చువేయించాడు. మైదానం వైపు కెనడా బాప్టిస్టులు బొబ్బిలి, పార్వతీపురం కేంద్రాలుగా పనిచేశారు. ఇప్పుడు లోయలో ఇంకా చాలా సంఘాలున్నాయి. మా చర్చి చిన్నది, రేకుల కప్పు. పాటలు మాత్రం పెద్దవాళ్ళవి. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు మా స్త్రీల సమాజంలో పుస్తకం తెరవకుండా పాడతారు. చదువు రాని తల్లులు కూడా చరణం తప్పరు.

కోత పండుగ రోజు గుమ్మానికి చెరుకుగడలు, అరటి పిలకలు కడతాం. ఎవరి పొలంలో పండింది వాళ్ళు తెస్తారు. సామలు, చోళ్ళు, రాజ్‌మా గింజలు, పసుపు కొమ్ములు, గుమ్మడికాయలు, అరటి గెలలు, తేనె సీసా, కాళ్ళు కట్టిన నాటుకోడి. పొలం లేనివాళ్ళు అడవి నుంచి అడ్డాకుల కట్ట తెచ్చి పెడతారు. ఆరాధన అయ్యాక వేలంపాట. పాట ఎవరిదో, ఎంతకి ఆగిందో మేష్టారు పద్దు రాస్తారు. సంతలో కొనే ధరకి ఐదారింతలు పెట్టి ఒక ఆనపకాయ పాడుకుంటాడు ఒక కుర్రాడు. అది వాళ్ళ పెద్దమ్మ తెచ్చిన కాయ. ఆ పెద్దమ్మకి ఆ రోజు ఉండే సంతోషం నేను మాటల్లో పెట్టలేను. వచ్చిన సొమ్ములో కొంత చర్చి మరమ్మతుకి, కొంత పాస్టరు అయ్యగారి కుటుంబానికి, కొంత ఆ ఏడు కష్టంలో ఉన్న ఇళ్ళకి. ఆ ఇళ్ళు ఏ మతానివని చూడం.

ఈమధ్య మేం ఒక పని అదనంగా పెట్టుకున్నాం. వేలానికి పెట్టే బల్ల పక్కన ఇంకో బల్ల వేసి, దాని మీద విత్తనాలు పెట్టిస్తున్నాం. అమ్మకానికి కాదు, ఒకరి దగ్గర లేనిది ఇంకొకరు పట్టుకెళ్ళడానికి. నాకు ఈ ఆలోచన కలిగించింది పక్కనున్న కోరాపుట్ జిల్లా మనిషి, కమలా పూజారిగారు. జైపూరు దగ్గర పల్లెలో ఉండి, పాతరకం వరి విత్తనాలు కాపాడి, 2019లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో కన్నుమూశారు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, పట్నాల్లో సామలకీ కొర్రలకీ గిరాకీ పెరిగింది. గిరాకీ వచ్చేనాటికి మా పొలాల్లో రకాలు తగ్గిపోయాయి. కొన్ని గింజలు ముసలమ్మల అటకల మీద ఆనపకాయ బుర్రల్లోనే మిగిలాయి. వాళ్ళు పోతే బుర్రా పోతుంది, గింజా పోతుంది. బల్ల చుట్టూ చేరిన ఆడవాళ్ళు ఏది ఎప్పుడు చల్లాలి, ఏది పురుగుకి ఆగుతుంది అని మాట్లాడుకుంటుంటే విని, మేష్టారు నోటుపుస్తకంలో రాసుకుంటారు. పంట పేర్లతో అది నిండుతోంది.

నవంబరు 2న సమాధుల పండుగ. ముందురోజే పలుగూ పారా పట్టుకుని వెళ్ళి గడ్డి చెక్కి, సున్నం వేస్తాం. సాయంత్రం కొవ్వొత్తులు. పట్నంలో స్థిరపడ్డ పిల్లలు దీనికి రావడం తగ్గించారు. క్రిస్మస్‌కి ఎలాగూ వస్తాం కదా అంటారు. మా అమ్మాయికి మాత్రం ఖచ్చితంగా చెప్పాం, రెండింట్లో ఏదో ఒకటే కుదిరితే దీనికే రా అని.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన మాట. పదవి పోయింది గాని పని పోలేదు. మా కొండ జాతుల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. పసిపిల్లలకి కీళ్ళు వాచడం, ఒళ్ళంతా పొడిచినట్టు నొప్పి, రక్తం తగ్గిపోవడం. మందులున్నాయి, వాటితో బతుకు మెరుగుపడుతుంది. పూర్తిగా నయం చేయడం మాత్రం మన పల్లె ఆసుపత్రుల్లో అయ్యే పని కాదు. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చేది. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఆ లక్షణం లోపల ఉంటే, పైకి ఏమీ కనబడకపోయినా, పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. 2023 జూలై 1న కేంద్రం దీని నిర్మూలనకి జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2047 నాటికి లేకుండా చేయాలని, ముందుగా 40 ఏళ్ళ లోపు వాళ్ళు 7 కోట్లమందికి పరీక్షలు చేయాలని లక్ష్యం. పరీక్ష చేయించుకున్నవాళ్ళకి కార్డు ఇస్తారు. ఆ కార్డు పెట్టెలో పెట్టి మర్చిపోతే ఉపయోగం ఏముంది?

మాకు దసరా తర్వాత సంబంధాలు మాట్లాడుకోవడం, ప్రధానాలు జరుగుతాయి. పెళ్ళిళ్ళు కోతలయ్యాక. చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవడం మా ఆనవాయితీ. అక్కడ నాకు దారి దొరికింది. పాస్టరు అయ్యగారితోనూ సంఘ పెద్దలతోనూ కూర్చుని మాట్లాడాను. ప్రకటనకి పేర్లు ఇచ్చే ముందే పిల్లా పిల్లాడూ ఇద్దరి కార్డులూ చూసుకోవాలని, కార్డు లేకపోతే పరీక్ష చేయించుకుని రావాలని. మొదట గొణిగారు. ఇంటి గుట్టు బయటపడుతుందన్నారు. పెళ్ళి ఆపమని నేను చెప్పడంలేదు, తెలిసి చేసుకోండి, బిడ్డ కడుపున పడ్డాక పరీక్షకి రండి అన్నాను. నెమ్మదిగా ఒప్పుకున్నారు. తర్వాత కొండదొరల వాడలో పెద్దలు కూడా మేష్టారిని పిలిచి, మా సంబంధాలకీ ఇలా చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి అని అడిగారు. ఊళ్ళో ఉండి, రోజూ కనబడే మనిషి చెబితేనే ఇలాంటి మాట చెవికెక్కుతుంది. జీపులో వచ్చి గంటలో వెళ్ళిపోయే వాళ్ళు ఎంత మంచిగా చెప్పినా ఎక్కదు. ఇది నా అనుభవం మీద అంటున్న మాట.

నవంబరులో మేష్టారి దగ్గర ఇంకో రకం జనం చేరతారు. కె.కె. లైను, అంటే కొత్తవలస-కిరండోల్ రైలు దారి మీద గాంగ్‌మన్లుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాళ్ళు. కేంద్ర పింఛనుదార్లు ఆ నెలలో బతికున్నామని ధ్రువపత్రం ఇవ్వాలి. ఏళ్ళతరబడి సుత్తి పట్టి, ఇనుము పట్టి వేలిముద్రలు అరిగిపోయిన వాళ్ళకి యంత్రం ముందు వేలు పెడితే ఒప్పుకోదు. ముఖం చూపించి ఇచ్చే పద్ధతి ఉందని వాళ్ళకి తెలియదు. మేష్టారు ఫోనులో అది చేసి పెడతారు. పదో తరగతి పిల్లల పరీక్ష ఫీజులు, కుల ధ్రువపత్రాలు, ఆధార్‌లో పుట్టిన తేదీల తప్పులు, అన్నీ ఆ అరుగు మీదికే వస్తాయి. 

అదే నెలలో కాఫీ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు దూరదేశాలకి వెళ్ళింది. మాకున్నది చిన్న తోట. సిల్వర్ ఓకు నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియం పాదులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ నీడచెట్లు కాఫీ మొక్కల మీదే కూలాయి. ఆ ఏడు కోత పండుగకి బల్ల సగం కూడా నిండలేదు. అయినా పండుగ ఆపలేదు. మళ్ళీ నాటాం, మళ్ళీ ఎదిగాయి. 2025లో అరకు వైపు తోటల్లో కాయ తొలిచే పురుగు కనబడి మళ్ళీ గుండె ఝల్లుమంది. కోసేటప్పుడు ఎర్రగా పండిన కాయ మాత్రమే కోయాలి, పచ్చిది ఉంచాలి, నేల మీద రాలింది ఒక్కటీ వదలకూడదు. రాలిన కాయలోనే పురుగు దాక్కుంటుంది. పెద్దవాళ్ళం కొమ్మలు వంచి కోయలేకపోయినా కింద కూర్చుని రాలినవి ఏరగలం. కూలి డబ్బు లేకుండా ఒకరి తోటకి ఒకరం వెళ్తాం. ఇవాళ మా తోట, రేపు వాళ్ళది. ఈ ఏరుడు పని దగ్గరే మాకు ఊరి కబుర్లన్నీ తెలుస్తాయి. ఎవరింట్లో ఎవరు దగ్గుతున్నారు, ఏ పిల్ల బడి మానేసింది, ఎవరికి నెలలు నిండాయి.

నెలలు నిండిన వాళ్ళ లెక్క నాకు ముఖ్యం. డిసెంబరు చివరి పది రోజులు, సంక్రాంతి వారం, ఈ రెండు సమయాల్లో సెలవులు ఎక్కువ. రోడ్డు లేని ఊళ్ళు మన్యంలో ఇంకా ఉన్నాయి. నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి, గెడ్డ దాటి, రోడ్డు దాకా మోసుకొచ్చే కష్టం మీరు వార్తల్లో చూస్తూనే ఉంటారు. 2018 నుంచి బైకు అంబులెన్సులు వచ్చాయి. సాలూరులో ఐటీడీఏ వాళ్ళు పెట్టినట్టు గర్భిణుల వసతి గృహాలు వచ్చాయి. కాన్పుకి ముందే అక్కడికి వెళ్ళి ఉండొచ్చు. కాని పండుగ వేళ ఇల్లు వదిలి వెళ్ళడానికి ఏ కోడలూ ఇష్టపడదు, ఏ అత్తా పంపదు. అందుకే ఇప్పుడున్న ఆశా అమ్మాయితో, ఏఎన్ఎం అమ్మాయితో కూర్చుని పేర్లు రాసుకుంటాం. నేను అత్తలతో మాట్లాడతాను. వాళ్ళలో చాలామందికి కాన్పు చేసిందాన్ని నేనే, నా మాట తీసెయ్యరు.

డిసెంబరు మొదలవగానే క్యారల్స్. మా క్యారల్స్‌కి గిటారు ఉంటుంది, తుడుం ఉంటుంది, కొన్ని ఊళ్ళలో మోరీ కూడా కలుస్తుంది. రాత్రి అన్నాలయ్యాక నక్షత్రం దీపం పట్టుకుని బయలుదేరి గూడెం గూడేనికీ నడుస్తాం. చలి ఎముకల్లోకి దిగుతుంది. ప్రతి గూడెంలోనూ నెగడు వేసి ఉంచుతారు. చర్చికి రాని ఇళ్ళవాళ్ళు కూడా చోడి అంబలి, బెల్లం వేసిన కాఫీ డికాక్షను పోస్తారు. పాట అయ్యాక ఆడపిల్లలు ఒకరి నడుం ఒకరు పట్టుకుని రెండు థింసా అడుగులు వేస్తారు. మా చిన్నప్పుడు చర్చి పెద్దలు థింసాని వద్దనేవారు. ఇప్పుడు అనరు. అనకపోవడమే సరి. కోతకీ పెళ్ళికీ మా వాళ్ళు ఎప్పుడూ అలాగే సంతోషించారు. నడవలేని ముసలివాళ్ళ ఇంటికి మాత్రం లోపలికి వెళ్ళి, మంచం పక్కన నిలబడి మెల్లగా పాడతాం. అప్పుడు నేను చేయి పట్టుకుని నాడి చూస్తాను, కాళ్ళు వాచాయా అని చూస్తాను. వెళ్ళిన పని పాటే, కాని కళ్ళెదుట కనబడేది వదిలి రాలేం కదా.

మా అమ్మాయి అడుగుతుంటుంది, "అమ్మా, ఈ వయసులో ఆ చలిలో ఎందుకే? నాన్నని తీసుకుని విశాఖ వచ్చేయరాదూ?" అని. మేష్టారు ఫోను తీసుకుని, "వస్తామే, వలిసెలు కోసి, క్రిస్మస్ గడిచాక. నువ్వే పిల్లల్ని తీసుకుని ముందు ఇటు రా" అంటారు. జనవరి చివర్లో కొన్నాళ్ళు వెళ్ళి ఉంటాం కూడా. అక్కడ మాకు ఏ లోటూ ఉండదు. చేయడానికి పని మాత్రం ఉండదు.

ఇక నేను అడగదలచుకున్నది. 2024లో పాడేరులో వైద్య కళాశాల మొదలైంది. మన పిల్లలు అందులో సీటు తెచ్చుకోవాలంటే పల్లెలో ఎనిమిదో తరగతి నుంచే లెక్కలూ సైన్సూ చెప్పేవాళ్ళు కావాలి. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి కలెక్టరు కార్యాలయం దగ్గరికొచ్చింది. అక్కడికి పట్టుకెళ్ళే అర్జీ రాసిపెట్టేవాళ్ళు కావాలి. కార్డు చూసి ఇందులో ఏముందో చెప్పే నర్సులు, బ్యాంకు పుస్తకం చదివిపెట్టే గుమస్తాలు కావాలి. ఈ పనులు తెలిసినవాళ్ళు మన కొండల్లోనే పుట్టారు. మేష్టర్లు, నర్సులు, పోస్టుమాస్టర్లు, అటవీశాఖ వాళ్ళు, గిరిజన సహకార సంస్థలో పనిచేసిన వాళ్ళు. ఈ ఊళ్ళ పేరు చెప్పుకుని, ఈ జాతి ధ్రువపత్రంతోనే మనందరం కొలువులు తెచ్చుకున్నాం. ఇప్పుడు మనలో చాలామంది కొండ దిగువన ఖాళీగా ఉన్నారు.

ఇల్లు అమ్ముకుని రమ్మని చెప్పడంలేదు. పిల్లల్ని వదిలి రమ్మనీ చెప్పడంలేదు. డిసెంబరు 24 సాయంత్రం కారులో వచ్చి, పండుగ భోజనం చేసి, మర్నాడు వెళ్ళిపోయే బదులు, సామలు కోసే నాటికి రండి. మీ పాత ఇంటికి పెంకు సర్ది, అలికి పెట్టమని తమ్ముడికి ఇప్పుడే ఫోను చేయండి. ఇద్దరూ కలిసి రండి. ఒక్కరే వస్తే నాలుగు రోజులకే ఇంటి మీద బెంగపడతారు. మీరు ఏ చర్చి వాళ్ళయినా, ఏ గుడి వాళ్ళయినా, ఏ వాడ వాళ్ళయినా సరే. రెండు నెలలు ఉండండి. వచ్చిన మొదటి వారంలోనే మీకు పని చెప్పేవాళ్ళు గుమ్మంలోకి వస్తారు.